ఉతకని కైలీ

మైకు చేతికొచ్చినవాడికి చరిత్ర అంతా తను పుట్టిన రోజు నించే మొదలవుతుంది. మలేసియాలో మా సుంగై పెటాని ఊళ్ళో వరస ఇళ్ళ చివర, మూల ఇంట్లో పసిపిల్లల ఇల్లు తెరిచిన రోజున కోటు తొడుక్కుని వచ్చిన పెద్దమనిషి ఒకాయన అదే పని చేశాడు. "ఇంతకు ముందు మన కూలి జనానికి పసివాళ్ళని చూసుకోడం అంటే ఏమిటో తెలీదు. తెల్లారితే చెట్ల కింద పడేసి పనికి పోయేవారు" అన్నాడు. తమిళంలో ఒకసారి అన్నాడు, ఇంగ్లీషులో ఒకసారి అన్నాడు. తెలుగులో అనలేదు, రాదు కాబట్టి. ఏ భాషలో అన్నా తిట్టు తిట్టే.

నేను లేచి నిలబడ్డాను. మా ముసల్ది నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"కూకో. నీకు మైకు ఇవ్వరు. ఇచ్చినా నువ్వు ఒగ్గవు" అంది.

కూర్చున్నాను. కానీ ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఆ పిల్లల ఇల్లు ఎవరిదో ముందు చెప్పాలి. సర్కారుది కాదు, కంపెనీది కాదు, డబ్బు చేసుకోడానికి పెట్టిందీ కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు, గుడికి పోయేవాళ్ళూ చర్చికి పోయేవాళ్ళూ, ఒక చిన్న సంఘంగా చేరి ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లుల పసివాళ్ళని పొద్దున్నించి సాయంత్రం దాకా చూసుకుంటారు. తల్లులు ఎవరికి కుదిరినంత వాళ్ళిస్తారు, మిగతాది సంఘం వాళ్ళు నలుగురినీ అడిగి తెచ్చుకుంటారు. దాన్ని నడిపే ఆవిడని అందరూ టీచర్ అంటారు, నేనూ అదే అంటాను. యాభై దాటిన మనిషి. దక్షిణాన కొబ్బరి తోటల్లో పుట్టిన మన తెలుగు క్రిస్టియన్ల ఇంటిపిల్ల. మాట నెమ్మది. ఆ నెమ్మదే నాకు ఒళ్ళు మండిస్తుంది. గట్టిగా అరిచేవాళ్ళతో అయితే నేను గెలవగలను.

మాకు ఆ ఇంటితో పని పడింది మా మనవరాలి వల్ల. కూతురి కూతురు, మా దగ్గరే ఉంటుంది. దాని మొగుడు కంటైనర్ లారీ తోలతాడు. దేశం దక్షిణ కొసన జొహోర్ దాకా పోతాడు, వారంలో రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటే గొప్ప. మనవరాలు ఇక్కడి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చాలాకాలం లైను మీద నిలబడి పనిచేసింది. బిడ్డ పుట్టిన తరవాత మళ్ళీ పనిలోకి పోతే, మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ పనికి దాన్ని ఎంచుకున్నారు, ముందు శిక్షణకి రమ్మన్నారు. మా వంశంలో మెషీను ముందు నిలబడ్డవాళ్ళు ఉన్నారు. దాని మూత తీసి లోపల ఏముందో చూడమని ఇంతవరకు ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

అప్పటికి దాని కూతురికి ఎనిమిది నెలలు. మా ముసల్దానికి మోకాళ్ళు పనిచేయవు. నాకు రబ్బరు చెట్లు గీసి గీసి కుడి మణికట్టు పోయింది. పాకే పిల్లని పట్టుకోడం మా ఇద్దరి వల్లా కాదు. కాబట్టి పిల్లల ఇల్లే గతి.

టీచర్ మొదటి రోజే చెప్పేసింది. "రెండు వారాలు సూద్దాం తాతా. పిల్ల కుదురుకోపోతే బలవంతం సెయ్యం. అది దానికే మంచిది కాదు. వరసలో ఇంకో తల్లి ఉంది, ఆ చోటు ఆమెకి ఇస్తాం."

అంటే విషయం ఇది. ఈ గుంట అక్కడ నిద్రపోతే దాని తల్లి మెషీను మూత తీస్తుంది. నిద్రపోకపోతే ఇంట్లో కూర్చుంటుంది.

గుంట నిద్రపోలేదు.

ఇంట్లో అది పడుకునేది స్ప్రింగు ఉయ్యాలలో. హాల్లో పైన దూలానికి ఇనప కొక్కెం, కొక్కేనికి స్ప్రింగు, స్ప్రింగుకి కైలీ. కైలీ అంటే ఇంట్లో ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే పూల బట్ట. అందులో పిల్లని వేసి ఒకసారి కిందికి లాగి వదిలితే చాలు, అదే పైకీ కిందికీ ఆడుతుంది. ఈ దేశంలో మలాయ్‌వాళ్ళ ఇంట్లోనైనా మన ఇంట్లోనైనా పసివాళ్ళు అలాగే నిద్రపోతారు. అక్కడేమో నేలమీద వరసగా పల్చటి పరుపులు. పైన కొత్త దుప్పట్లు. ఊగేది ఏదీ లేదు.

పొద్దున్నే నేనే దాన్ని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని రెండు సందులు దాటించి అక్కడ అప్పజెప్పేవాణ్ణి. అప్పజెప్పి ఇంటికి పోకుండా గేటు బయట సిమెంటు అరుగు మీద కూర్చునేవాణ్ణి. పదిన్నర దాటేసరికి లోపల మిగతా పిల్లల గొంతులు ఒక్కొక్కటీ అణిగేవి. మా దాని గొంతు ఒక్కటే మిగిలేది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి, ఎక్కిళ్ళు పెట్టి, మళ్ళీ మొదలు. మూడో రోజుకి నాకు ఆగలేదు. గేటు ఊచలు పట్టుకుని పిలిచాను.

"టీచరమ్మా, ఉయ్యాల కట్టమ్మా. కొక్కెం నేను తెస్తాను, స్ప్రింగు నేను తెస్తాను, కట్టే మనిషిని కూడా నేనే తెస్తాను."

"ఇక్కడ కట్టకూడదు తాతా. మా రూలు."

"రూలు ఎవుడు పెట్టినాడు? తెల్లదొరా?"

"తెల్లదొర పోయి చానా కాలమైంది లా" అని నవ్వింది. ఇక్కడ పుట్టినవాళ్ళకి మలాయ్ 'లా' లేకపోతే మాట ముగిసినట్టు ఉండదు. "మీరు ఇంటికెల్లండి. మీ దగ్గు ఇనబడుతుంటే అది ఇంకా ఏడుస్తంది."

నా దగ్గు! నలభయ్యేళ్ళు మంచులో చెట్లు గీసి తెచ్చుకున్న దగ్గు అది. నాకు కోపం వచ్చింది. వస్తే ఏం చేస్తాను? ఎప్పుడూ చేసేదే. ఆయా కొట్టాయి గురించి చెప్పడం మొదలుపెట్టాను.

మీకూ చెప్తాను. కోటు తొడుక్కున్న ఆ పెద్దమనిషికీ ఇదే చెప్పాలి.

మా రబ్బరు తోటలో కూలీలు కాపురముండే వరస గదుల, అదే లైన్ల పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. పిల్లల్ని చూసుకునే ముసలమ్మని ఆయా అనేవారు, ఆ షెడ్డుని ఆయా కొట్టాయి అనేవారు. ఇంకా చీకటి ఉండగానే తోటలో హాజరు తీసేవారు. తల్లులు అటు పోయేముందు నిద్రలో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకొచ్చి అక్కడ దింపేవారు. సిమెంటు నేల, నడుమెత్తు గోడ, గోడ మీద పైకప్పు దాకా కర్రల తడిక. ఈ గోడ నించి ఆ గోడకి పొడుగాటి వాసం. దానికి వరసగా ఉయ్యాలలు, ఒక్కో పిల్లకి వాళ్ళ అమ్మ పాత బట్టతో కట్టింది ఒకటి.

అప్పట్లో మా ఆయా మా అయ్యకి మేనత్త వరస. ఆమె తెలివి చూడండి. ఒకే ఒక తాడు తీసుకుని అన్ని ఉయ్యాలల్నీ కలిపి కట్టింది. తాడు కొస తన కాలి బొటనవేలికి చుట్టుకునేది. గోడకి చేరబడి, చేతుల్తో బియ్యంలో రాళ్ళు ఏరుతూ, కాలు ఆడించేది. కాలు ముందుకి పోతే ఉయ్యాలలన్నీ ఇటు, వెనక్కి వస్తే అన్నీ అటు. రేవులో కట్టేసిన పడవల్లాగా అన్నీ ఒక్కసారే కదిలేవి. నోట్లో ఏదో పాట. మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు, ఆమెకీ అయ్యేవి కావనుకుంటాను. వాళ్ళమ్మ సముద్రం దాటి వచ్చేటప్పుడు తెచ్చుకున్న పాట అది, దారిలో సగం మాటలు రాలిపోయి ఉంటాయి. కాస్త పెద్దపిల్లలం మేము ఆమె చుట్టూ కూర్చునేవాళ్ళం. ఒకే పళ్ళెంలో గెంజి కూడు కలిపి, వరసగా ఒక్కో నోట్లో ఒక్కో ముద్ద పెట్టేది. తన వంతు రాకముందే నోరు తెరిచినవాడికి మొట్టికాయ.

నేను చదువు నేర్చుకున్నది కూడా ఆ గోడ దగ్గరే. తోటలో పెద్ద మేస్త్రీ ఒకాయనకి తెలుగు అక్షరాలు వచ్చు. సాయంత్రం పూట ఆ షెడ్డు గోడమీద బొగ్గుతో రాసి చూపించేవాడు. పొద్దున్న ఆయా తుడిచేసేది. తుడిచేలోపు నేర్చుకోవాలి. బడి మెట్లు ఎక్కింది తక్కువే గానీ మిగతాదంతా అలాగే, ఎవరో తుడిచేసేలోపు నేర్చుకున్నాను.

ఇదంతా టీచర్‌కి గేటు బయట నిలబడే చెప్పాను. చెప్పి, చివర నా దెబ్బ కొట్టాను.

"ఒక్క మనిషి, ఒక్క తాడు, గదినిండా గుంటలు. అందరూ పడుకునీవోరు. మీకు ఇద్దరు మనుషులున్నారు, ఫ్యాన్లున్నాయి, కొత్త పరుపులున్నాయి. ఒక్క గుంటని పడుకోబెట్టలేకపోతన్నారు."

లోపల మా పిల్ల ఏడుపు ఇంకా వినబడుతూనే ఉంది. టీచర్ గేటు గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"అందరూ పడుకునీవోరు, సరే తాతా. అందరూ లేచీవోరా?"

"ఏటా మాట!" అన్నాను. ఇంకేం అన్నానో గుర్తులేదు. మా పిల్లని తెమ్మన్నాను, బండిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను. దారిపొడుగునా అది ఎక్కిళ్ళు పెడుతూనే ఉంది. ఇంట్లో ఉయ్యాలలో వెయ్యగానే పడుకుంది. మామూలుగా అయితే గెలిచినట్టు ఉండాలి. నేను దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఉయ్యాల ఆగినప్పుడల్లా బట్ట పక్కకి తీసి మొహం చూస్తూ కూర్చున్నాను.

టీచర్‌కి మా ఇంటి సంగతి తెలీదు. ఆమె తోటలో పుట్టిన మనిషి, ఏ తోటలోనైనా ఉండే సంగతే అడిగింది.

నాకొక చెల్లెలు ఉండేది. నాకు అప్పటికి ఆరేళ్ళు, ఉయ్యాల వయసు దాటిపోయి ఆయా పళ్ళెం చుట్టూ కూర్చునే వయసు. దాన్ని గోడ వైపు ఉయ్యాలలో వేసేవారు. ముందు రోజునించి దానికి ఒళ్ళు కాలిపోతోంది. ఆ పొద్దున్న మా అమ్మ పనికి పోనంది. కూలీల మీద అజమాయిషీ చేసే కంగాణి లైన్లోకి వచ్చి, రాకపోతే పేరు కొట్టేస్తానన్నాడు. అమ్మ దాన్ని తెచ్చి ఉయ్యాలలో వేసి, ఆయాతో "ఒళ్ళు ఎచ్చగుంది, సూత్తుండు పిన్నీ" అని చెప్పి పోయింది. ఆయా చూసింది. ఒకసారి, రెండుసార్లు. మిగతా పిల్లలు ఉన్నారు, పొయ్యి మీద గెంజి ఉంది. తాడు ఆడుతూనే ఉంది. అందరి ఉయ్యాలలూ ఊగుతున్నాయి, మా చెల్లెలిది కూడా అందరితోపాటే ఊగుతోంది. చప్పుడు చెయ్యకుండా ఉంటే ఆయా ఏమనుకుంది, నిద్రపోయిందనుకుంది. మంచి పిల్ల అని కూడా అంది, నేను విన్నాను.

పాలు ఎత్తి అప్పజెప్పాక అమ్మ వచ్చింది. ఒంటినిండా రబ్బరు పాల పులుపు వాసన, చంటిదానికి పాలివ్వాలని ఆత్రం. నేరుగా గోడ దగ్గరికి పోయి ఉయ్యాలని చేత్తో ఆపింది. బట్ట తీసింది.

మిగతా ఉయ్యాలలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. ఆయా కాలు ఆపడానికి కొంచెంసేపు పట్టింది.

తరవాత లైన్లో ఆడవాళ్ళంతా ఆయాని పట్టుకుని తిట్టారు. మా అమ్మ తిట్టలేదు. "దాన్నేటి అనకండి" అంది. "తాడుకేటి తెలుస్తాది?"

కిరాణి అని పిలిచే తోట గుమాస్తా ఆ రోజు మా అమ్మకి సగం కూలి కోశాడు. మర్నాడు చీకటితోనే అమ్మ నన్ను భుజాన వేసుకుని అదే షెడ్డుకి తెచ్చి, అదే ఆయాకి అప్పజెప్పి పోయింది. ఇంకెక్కడికి తీసుకుపోతుంది?

కోటు పెద్దమనిషి అన్నది అబద్ధమే. మమ్మల్ని ఎవరూ చెట్ల కింద పడేయలేదు. మా ఆయా చేతిలో ఎంత ప్రేమ ఉందో ఆ ముద్దలు తిన్నవాడికి తెలుసు. కానీ ఒక్క ఆయానే ఎందుకుంది? కంపెనీ ఒక్క ఆయాకే కూలి ఇచ్చింది కాబట్టి. షెడ్డు కట్టింది పిల్లలకోసం అని నేను ఇన్నేళ్ళూ అందరికీ చెప్తూ వచ్చాను. తల్లుల చేతులు ఖాళీ చెయ్యడానికి కట్టారు. ఆ తాడు మా తెలివి అని మురిసిపోతాం గానీ, అది మనుషులు చాలక కట్టిన తాడు. నేను తిట్టాల్సింది టీచర్‌ని కాదని నాకు ఆ కుర్చీలో కూర్చునే తెలిసింది. తిట్టాల్సిన దొర చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయింది. ఇది మా బోటివాళ్ళ కష్టం, కోపం వచ్చేసరికి పడాల్సినవాడు ఉండడు.

మర్నాడు పొద్దున్న పిల్లని మళ్ళీ తీసుకుపోయాను. టీచర్ గేటు తీసింది. ముందు రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బండిలోంచి పిల్లని తీసుకుంటూ అంది.

"తాతా, దీని అమ్మ రాత్రి కట్టుకుని పడుకున్న కైలీ ఒకటి రోజూ పంపుతారా? పరుపు మీద పరిచి దానిమీద పండబెడతాం. అమ్మ వాసన ఉంటే కుదురుకుంటాది."

అది నాకు నచ్చింది. మా ఉయ్యాల బట్టలు కూడా అలాంటివే కదా, అమ్మ కట్టి వదిలేసినవే. ఇంటికొచ్చి మా ముసల్దానికి చెప్పాను. "మడిసి వాసన ఉన్న కైలీ కావాలంట" అన్నాను. "సరే" అంది. మర్నాడు సంచీలో పెట్టి ఇచ్చింది. ఆ మర్నాడు ఇంకోటి. రోజుకొకటి.

గుంట ఏడుపు ఆగలేదు. కైలీ మీద పడుకోబెడితే దాన్ని కాళ్ళతో తన్నేసింది. మొదటి వారం అలాగే పోయింది. రెండో వారం మొదట్లో టీచర్ మొహంలో నెమ్మది పోయి అలసట కనబడింది. ఇంకో తల్లి వచ్చి గేటు దగ్గర అడిగి పోవడం కూడా చూశాను. చంకలో మగపిల్లాడు, వాడూ ఏడుస్తున్నాడు. ఆమె మీద కోప్పడదామన్నా నా వల్ల కాలేదు.

ఆ వారంలోనే దాతలు వచ్చారు. లారీలోంచి ప్లాస్టిక్ జారుడుబల్ల ఒకటి దింపారు. ఎర్రటిది, పచ్చ మెట్లు. దాని ముందు బ్యానరు పట్టుకుని ఫొటోలు. లోపల ఉన్నవాళ్ళలో సగం మందికి నడకే రాదు. వాళ్ళు వెళ్ళబోతుంటే టీచర్ అడగడం విన్నాను, ఇంకో మనిషిని పెట్టుకోవాలి, జీతానికి సాయం చేస్తారా అని. జీతాలకి తమ పద్ధతిలో వీలుపడదన్నారు, వస్తువులైతే ఎన్నైనా అన్నారు. నేను అరుగు మీంచి లేచాను.

"బాబూ, పసిదాన్ని జారుడుబల్ల ఎత్తుకుంటాదా?" అన్నాను.

వాళ్ళు నవ్వారు. ముసలాయన తమాషాగా మాట్లాడతాడనుకున్నారు. టీచర్ వాళ్ళకి నా తరఫున సారీ చెప్పింది. నాకేమీ సారీ లేదు. బల్ల ఫొటోలో పడుతుంది, ఒడి పడదు, అంతే సంగతి. పెద్ద మనసున్నవాళ్ళే, కాదనను. కళ్ళు మాత్రం కెమెరాలో ఉన్నాయి.

ఇక మూడు రోజులే మిగిలాయి. ఆ సాయంత్రం మనవరాలు పనినించి వచ్చింది. ఫ్యాక్టరీ బూట్లు విప్పి, పిల్లని ఎత్తుకుని, పిల్లల ఇంటినించి తిరిగొచ్చిన సంచీ తెరిచింది. కైలీ బయటికి తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"అమ్మమ్మా" అని పిలిచింది. దానికి తెలుగు తక్కువ, తమిళం, మలాయ్ కలిపి మాట్లాడుతుంది. ఆ మాట మాత్రం శుభ్రంగా తెలుగులోనే అంది. "ఇందులో నేను ఎక్కడున్నాను?"

మా ముసల్ది వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏటే?"

"ఇది ఉతికినావా?"

"ఉతక్కుండా ఎలా పంపుతానే? ఉతికి, పూల వాసన నీళ్ళలో జాడించి, ఇస్త్రీ సేసి పంపుతన్నాను. రోజూ."

"తాత చెప్పలేదా? కట్టుకున్నది అలాగే కావాలని?"

"సెప్పినాడు. టీచరుకి మొగమాటం లేక అడిగింది. మనకి పరువు ఉండక్కర్లేదా? వాడి ఇడిసిన కైలీ ఊరోళ్ళ ఇంటికి పంపుతావేటి?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇన్నాళ్ళూ అక్కడి పరుపుమీద మా పిల్లకి మేము పరుస్తున్నది సబ్బుకొట్టు వాసన. ముసల్దాన్ని తిడదామని నోరు తెరిచాను. మూసుకున్నాను. ఎందుకంటే ఆ ఉతుకుడు ఎక్కడినించి వచ్చిందో నాకు తెలుసు.

మా కూతుర్ని తోటలోంచి టౌను బడికి పంపిన కొత్తలో, అక్కడొక పంతులమ్మ తోట పిల్లల్ని వెనక బల్లమీద కూర్చోబెట్టి, రబ్బరు కంపు కొడుతున్నారని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేది. పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి చెప్పింది. ఆ రోజునించి మా ఇంట్లోంచి ఏ గుడ్డా ఉతక్కుండా గడప దాటలేదు. పక్కింటివాళ్ళు కూర పెట్టిచ్చిన గిన్నె తిరిగిచ్చినా రెండుసార్లు తోమి ఇస్తుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే, జ్వరంతో ఉన్నా, నాకు ఇస్త్రీ చొక్కా వేస్తుంది. మా లైన్లో ఉన్నవాళ్ళంతా ఇంతే. మా దగ్గర కంపు లేదని మేము జీవితమంతా ఎవరికో రుజువు చేస్తూనే ఉన్నాం. ఆ ఎవరో అడగడం మానేసి ఎన్నేళ్ళయినా సరే.

మనవరాలికి అదంతా తెలీదు. తెలిసినా అది ఈ కాలపు పిల్ల. పిల్లని నా ఒళ్ళో పెట్టింది. మా ముసల్దాని దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, దానికి ముక్కు ఉంది కదా. నన్ను వెతుక్కుంటంది. సబ్బు వస్తంది. ఎలా పడుకుంటాది లా?"

మా ముసల్ది ఆ కైలీ తీసుకుని ఇస్త్రీ మడతలు తడిమింది. తరవాత, "అయితే చెమట కంపుతో పంపమంటావు" అంది.

"చెమట నాదే కదా."

"ఆ టీచరు ఏటనుకుంటాది?"

"ఏటీ అనుకోదు. ఆమే అడిగింది."

మర్నాడు పొద్దున్న మనవరాలు పనికి పోతూ రాత్రి కట్టుకున్న కైలీ మడతపెట్టి సంచీలో పెట్టింది. అది గేటు దాటిందో లేదో మా ముసల్ది సంచీ దగ్గరికి వచ్చింది. చేతిలోకి తీసుకుంది. నేను చూస్తున్నానని చూసింది.

"ఉతకను లే" అంది. "మడత సరిగా లేదు." మళ్ళీ విప్పి, అంచులు కలిపి, బాగా మడిచి పెట్టింది. అది ఆమెకి చాలా కష్టమైన పని అని నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కడం కంటే కష్టం.

నా సంగతి ఏమైనా తక్కువా? ఆ సంచీ పట్టుకుని రెండు సందులు దాటుతుంటే ఎవరైనా వాసన పడతారేమోనని రోడ్డు అంచున నడిచాను. నలభై ఏళ్ళ కిందటి రుమాలు అది, ఇంకా ఎదురొస్తుంది. టీచర్ గేటు దగ్గరే సంచీ తెరిచింది. నేను పక్కకి చూశాను. ఆమె కైలీని ముక్కు దగ్గరికి తీసుకుంది, కళ్ళు చికిలించి ఒకసారి పీల్చింది.

"ఆఁ. ఈరోజు తల్లి వచ్చింది" అంది.

ఆ రోజు కూడా ఏడ్చింది. కానీ ఎక్కిళ్ళ దాకా పోలేదు. పడుకోలేదు గానీ కైలీ తన్నెయ్యలేదని టీచర్ చెప్పింది. రెండో రోజు కొంచెంసేపు కళ్ళు మూసిందట.

ఆఖరి రోజు నేను అరుగు మీదే ఉన్నాను. దగ్గు వస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటున్నాను. పిల్లల గొంతులు ఒక్కొక్కటీ అణిగాయి. మా దాని గొంతు మిగిలింది. కాసేపు ఏడ్చింది, కాసేపు మూలిగింది. ఆ తరవాత ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దం కోసం నేను రెండు వారాల నించి కూర్చున్నాను. వచ్చేసరికి మంచి పిల్ల, పడుకుంది అని ఎవరో అంటున్నట్టే వినిపించింది. లేచి గేటు ఊచలు పట్టుకుని ఊపాను. చప్పుడవుతుందని తెలుసు. ఊపాను.

టీచర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏటి తాతా, ఇప్పుడే పడుకుంది, లేచిపోతాది!"

"సూడమ్మా" అన్నాను. "ఊపిరి ఉందేమో సూడు."

ఆమె నన్ను తిట్టొచ్చు. తిట్టలేదు. నా మొహం చూసింది. పసివాళ్ళ గదిలోకి మగవాళ్ళు పోకూడదని వాళ్ళ రూలు. నన్ను చెయ్యి పట్టుకుని పక్క గోడ వెంట తీసుకుపోయి, కిటికీ రెక్క కొంచెం తెరిచింది.

లోపల తెర వేసి మసకగా ఉంది. నేలమీద వరసగా పరుపులు, ఒక్కో పరుపు మీద ఒక్కో పిల్ల. అక్కడ పనిచేసే అమ్మాయి ఒకతె మోకాళ్ళ మీద ఒక పరుపు దగ్గరినించి ఇంకో పరుపు దగ్గరికి పోతోంది. ఒక్కోచోట ఆగి, వంగి, వీపు మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఎత్తుతోందా అని చూసి, ముందుకి కదులుతోంది. చివరి దాకా పోయి మళ్ళీ మొదటికి వస్తోంది. మా పిల్ల మూడో పరుపు మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. కైలీ అంచు పిడికిట్లో పట్టుకుని ముక్కుకి ఆనించుకుంది. ఆ అమ్మాయి చెయ్యి దాని వీపు మీద పెట్టినప్పుడు, చెయ్యి కొంచెం పైకి లేచింది, కొంచెం కిందికి దిగింది.

"ఇలాగే తిరుగుతుంటాం తాతా" అంది టీచర్ చిన్నగా. "పడుకున్నంతసేపూ. అందుకే మడుసులు సాలరు."

నేను కదల్లేదు. ఆమెకి లోపల పనుంది, ఇంక ఈ చోటు దీనిదే అని చెప్పి వెళ్ళిపోయింది, కిటికీ మాత్రం ముయ్యలేదు. ఆ ఎండలో, ఆ జారుడుబల్ల పక్కన, నేను నిలబడే ఉన్నాను. గుంట మెదిలింది. కళ్ళు తెరిచింది. ఎక్కడున్నానా అన్నట్టు చూసి, కైలీ నోట్లో పెట్టుకుంది. ఏడవలేదు. అప్పుడు నేను అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను.

భోజనం వేళ మనవరాలు ఫ్యాక్టరీ నించి ఫోన్ చేసింది. వెనకాల ఏవో మెషీన్ల హోరు.

"తాతా, ఈరోజు ఆఖరు. పడుకుందా?"

"పడుకుంది."

"నిజంగా? టీచర్ చోటు ఇస్తానన్నాదా?"

"ఇస్తానంది. నువ్వు నీ మెషీను చూసుకో." ఆ తరవాత అన్నాను, "లేచింది కూడా."

అవతల పకపకా నవ్వింది. "అది కూడా చెప్పాలా లా తాతా? పడుకున్నవాళ్ళు లేవరా ఏటి?" అని, పిలుస్తున్నారంటూ ఫోన్ పెట్టేసింది.